రోహిణి ఎండలో రాజడేగ, బసవన్న

అనగనగా, చెప్పేవాళ్లూ, ఊ కొట్టేవాళ్లూ ఉన్నంతకాలం నిలిచే రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు ఏటిగడ్డ. దానికి రాజు సుకేతుడు.

ఆ రాజ్యంలో ఏటికి అడ్డంగా ఒక ఆనకట్ట ఉంది. దానికి కుడివైపు ఒక కాలువ, ఎడమవైపు ఒక కాలువ. ఒక్కో కాలువకు నూట యాభై తూములు. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో లెక్కగట్టి తలుపులు తిప్పే కంప్యూటర్ ఆనకట్ట పక్కన రేకుల కొట్టంలో ఉండేది. రాజుల కాలంలో కంప్యూటర్ ఎక్కడిదని మాత్రం అడగకండి. కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు.

ఆ కొట్టానికి కాపరి పైడమ్మ. ఆమెది కొసపాలెం, ఎడమ కాలువ మీద చిట్టచివరి ఊరు. పైనున్న తూములన్నీ వేళకు మూసుకుంటేనే ఆ ఊరికి నీటిచుక్క దక్కేది.

కంప్యూటర్‌కు ప్రాసెసర్ బుర్ర లాంటిది. ఏటిగడ్డ కంప్యూటర్ బుర్ర ముసలిదైపోయింది. మూయాల్సిన తలుపులు మూయడం మరిచిపోతోంది. రెండేళ్లు వరసగా కొసపాలెం నారుమళ్లు ఎండిపోయాయి. మూడో ఏడూ ఎండితే ఊరంతా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటే పైడమ్మకు ముద్ద దిగేది కాదు.

ఆమె రాజుగారి దగ్గరకు వెళ్లి మొరపెట్టుకుంది. రాజు మంచివాడు. కొత్త ప్రాసెసర్ కొంటామని చాటింపు వేయించాడు.

ఇద్దరు వర్తకులు వచ్చారు. మొదటివాడు మణిదత్తుడు. పట్టుబట్టలు, పది మంది పరివారం. అతని ప్రాసెసర్ పేరు రాజడేగ. దానికి ఒక వెండి విసనకర్ర కూడా ఉంది, తనంతట తానే విసురుకుంటుంది. రెండోవాడు సోమన్న. భుజాన సంచి, సంచిలో మట్టిరంగు డబ్బీ, డబ్బీలో ఒక ప్రాసెసర్. దాని పేరు బసవన్న.

ఒక రాజడేగ ధరకు నాలుగు బసవన్నలు వస్తాయి.

"నాలుగు ఎడ్లు కలిసినా ఒక డేగ ఎగిరినంత ఎగరగలవా ప్రభూ?" అన్నాడు మణిదత్తుడు. సభ ఘొల్లున నవ్వింది.

"పరీక్షించి చూద్దాం" అన్నాడు రాజు. "పని పైడమ్మది కాబట్టి తీర్పు పైడమ్మే చెబుతుంది."

సభలో వట్టివేళ్ల తడికలు కట్టారు. సేవకులు వాటి మీద గడియకోసారి నీళ్లు చల్లారు. లోపల కమ్మటి చల్లగాలి. మణిదత్తుడు తాను తాటాకు మీద రాసి తెచ్చిన లెక్కనే రెండింటికీ ఇచ్చాడు. రాజడేగ రెప్పపాటులో తేల్చేసింది. బసవన్నకు తమలపాకు నమిలి మింగేంత సేపు పట్టింది.

"రాజడేగ గెలిచింది" అంది పైడమ్మ. చూసింది చూసినట్టు చెప్పింది.

"అది ఆయన తెచ్చిన లెక్క మారాజా. ఇప్పుడు నా లెక్క ఇస్తాను" అంటూ మూడు వందల తూముల నీటి వంతులు వాటి ముందు పెట్టింది. ఈసారీ రాజడేగే ముందు. బసవన్న కూడా తప్పులేకుండా చేసింది, కానీ వెనకబడింది.

పైడమ్మ రెండు ప్రాసెసర్ల మీదా చెయ్యి ఆనించి చూసింది, పిల్లలకు నుదురు చూసినట్టు.

"ఏం పైడమ్మా, జ్వరం చూస్తున్నావా?" అన్నాడు మంత్రి. మళ్లీ సభంతా నవ్వు.

బసవన్న గోరువెచ్చగా ఉంది. రాజడేగ, అంత చల్లటి సభలో కూడా, పెనంలా కాలుతోంది. రేకుల కొట్టంలో దీని గతేమిటని పైడమ్మకు అనుమానం వచ్చింది. అయినా అబద్ధం ఆడలేదు. "ఈసారి కూడా రాజడేగే గెలిచింది మారాజా" అంది.

మణిదత్తుడు మీసం దువ్వాడు. "ఇంకేముంది ప్రభూ? ముహూర్తం చూసి సొమ్ము ఇప్పించండి."

"ఆగండి మారాజా" అంది పైడమ్మ. "మూడో పరీక్ష ఉంది. రోహిణి కార్తె వస్తోంది. నారుమళ్లకు నీళ్లు వదిలేది అప్పుడే. ఆ రోజు పొద్దున మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా, నా రేకుల కొట్టంలో, ఈ రెండింటి చేతా కాలువ నడిపించండి."

"రెండుసార్లు గెలిచింది గదా! తలుపులు తిప్పుకునేదానికి ప్రాసెసర్ల సంగతేం తెలుసు?" అని కసిరాడు మంత్రి.

పైడమ్మ నడుముకున్న తాళాల గుత్తి తీసి రాజు పాదాల దగ్గర పెట్టింది. "నాకు తలుపుల సంగతే తెలుసు దొరా. తూము తలుపు తిరగడానికే రెండు ఆకులు నమిలేంత సేపు పడుతుంది. లెక్క రెప్పపాటులో తేలితేనేం, ఆకు నమిలేలోగా తేలితేనేం? కావాల్సింది ఎండలో ఆగకపోవడం. మూడో పరీక్షలో కూడా రాజడేగే గెలిస్తే ఈ కొలువు వదిలి పోతాను."

రాజు మంత్రిని చేత్తో వారించాడు. "ఈమె మనసులో అనుమానం ఉంది. అయినా రెండుసార్లూ ఉన్నదున్నట్టే చెప్పింది. అటువంటి మనిషి మూడోసారి అడిగితే కాదనకూడదు" అన్నాడు.

రోహిణి రానే వచ్చింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు రోకళ్లు కూడా పగిలేలా కాసింది. రాజూ, మంత్రీ, వర్తకులూ రేకుల కొట్టానికి వచ్చారు. అక్కడ నిలబడితే మాడు మాడిపోతోంది. చీటీ వేస్తే ఎడమ కాలువ రాజడేగకు వచ్చింది, కుడి కాలువ బసవన్నకు.

ఎడమ కాలువ కొసనే కదా కొసపాలెం!  పైడమ్మ, తన మాట ఓడిపోయినా సరే, రాజడేగ గెలవాలనీ, తన ఊరికి నీళ్లు రావాలనీ దణ్ణం పెట్టుకుంది. అంత మాట మనసులో అనుకోవడానికి కూడా గుండె కావాలి.

పొద్దున రాజడేగ విజృంభించింది. పది తూములు, ఇరవై తూములు, చకచకా. ఎండెక్కింది. వెండి విసనకర్ర విసురుతూనే ఉంది, కానీ అది విసిరేదీ వడగాలే. ముప్పయ్యో తూము దగ్గర రాజడేగ నెమ్మదించింది. నలభయ్యో తూము దగ్గర తడబడింది. నలభై ఒకటో తలుపు తెరిచి, ఒళ్లు కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంది.

తెరిచిన తలుపు తెరిచినట్టే ఉండిపోయింది. అక్కడి మడులు నిండి, గట్లు తెగి, నీరంతా బీడులోకి పోతోంది. కింద కాలువ ఎండిపోతోంది.

"తడికలు! తడికలు కట్టి నీళ్లు చల్లండి!" అని అరిచాడు మణిదత్తుడు.

"తడికలకు చల్లే నీళ్లుంటే మా నారుమళ్లకే పోసుకుంటాం కదయ్యా!" అంది పైడమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుడి కాలువ మీద బసవన్న తొంభయ్యో తలుపు మూస్తోంది. తొందరా లేదు, అలుపూ లేదు.

పైడమ్మ సోమన్న వైపు తిరిగింది. "అన్నా, సంచిలో ఇంకో బసవన్న ఉందా?"

"ఉందమ్మా. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని జంటగానే తెస్తాను" అన్నాడు సోమన్న.

రాజు తల ఊపాడు. చేతులు కాలుతున్నా పైడమ్మ రాజడేగను తీసి, రెండో బసవన్నను పెట్టింది. నలభై ఒకటో తలుపు కిర్రుమంటూ మూసుకుంది. ఆ తర్వాత నలభై రెండు. ఆ తర్వాత నలభై మూడు.

సుకేతుడు పల్లకీ వద్దన్నాడు. పైడమ్మతో పాటు కాలువ గట్టున నడిచాడు, నీటి మొన ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా. పొద్దు వాలేవేళకు నీళ్లు కొసపాలెం నారుమళ్లలోకి జారాయి. ఆడవాళ్లు పైటచెంగుల్లో మొలకవిత్తనాలు పట్టుకుని చీలమండల లోతు బురదలోకి దిగారు. పైడమ్మ గట్టు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

"ఈ డేగను దేశం దాటించండి!" అన్నాడు మంత్రి, పొద్దుటిదాకా దాన్నే పొగిడిన మంత్రి.

"దాన్నెందుకు దొరా తిట్టడం?" అంది పైడమ్మ. "చలవ గదిలో దానికి సాటి లేదు. కొనదలిస్తే మీ కోటలో పంచాంగం లెక్కలు కట్టే గదికి కొనుక్కోండి. నా కొట్టానికి మాత్రం బసవన్నే కావాలి."

సోమన్న దగ్గర నాలుగు బసవన్నలు కొన్నారు. రెండు కాలువలకు రెండు, వాటికి తోడు రెండు. ఆ ఏడు కొసపాలెంలో ఒక్క మూట కూడా బండెక్కలేదు, ధాన్యం మూటలు తప్ప.

నీతి: అమ్మేవాడి నీడలో ఏ వస్తువైనా మెరుస్తుంది, కొనేవాడు దాన్ని తన ఎండలో పెట్టి చూసుకోవాలి.