పదమూడో లైనుకు ముందు

నస్రీన్ రాసిన నోట్ జడ్జిగారి బల్ల మీదికి వెళ్లి మూడు రోజులైంది. తిరిగి రాలేదు. బాగుందని కబురూ లేదు, బాగాలేదని కబురూ లేదు.

ఆదోనిలో పుట్టి, విశాఖపట్నంలో లా నాలుగో సంవత్సరం చదువుతున్న నస్రీన్ ఆరు నెలల ఇంటర్న్‌షిప్ మీద హేగ్ నగరానికి వచ్చింది. ఒక దేశపు అంతర్యుద్ధంలో జరిగిన నేరాలను విచారించే ప్రత్యేక న్యాయస్థానం అది. ఎక్కడెక్కడి నుంచో వందలమంది విద్యార్థులు దరఖాస్తు పెట్టుకుంటే, జడ్జిల దగ్గర పనికి ఐదుగురినే తీసుకున్నారు. అందులో తను ఒకతె. పైగా తనకు దొరికిన జడ్జి తెలుగావిడ.

జస్టిస్ కూర్మావతి శ్రీకాకుళం జిల్లా మనిషి. టెక్కలిలో మేజిస్ట్రేటుగా మొదలుపెట్టి, హైకోర్టులో రిటైరై, అరవై మూడో ఏట ఈ చలిదేశానికి వచ్చారు. రోజూ ట్రామెక్కి కోర్టుకు వస్తారు. ఏ సాక్షి రాబోతున్నా, ఆ మనిషి భాషలో నమస్కారం ఎలా చెప్పాలో ముందురోజే దుబాసీని అడిగి నేర్చుకుంటారు. నోరు తిరక్కపోతే కారిడార్‌లో నడుస్తూ పదిసార్లు పలుకుతారు. మర్నాడు ఆ ఒక్క మాట చెవిన పడగానే సాక్షి బిగబట్టుకున్న భుజాలు కాస్త దిగడం నస్రీన్ సందర్శకుల గ్యాలరీ అద్దంలోంచి ఎన్నోసార్లు చూసింది.

అలాంటి మనిషి నోటివెంట ‘శభాష్’ అనిపించుకోవాలని ఆ పిల్ల కోరిక. ఆ కోరికతోనే నోట్ రాసింది.

నోట్ ఇరవై ఏడో సాక్షి గురించి. ప్రాణభయం ఉన్న సాక్షుల పేర్లు అక్కడ బయటపెట్టరు, అంకెలతోనే పిలుస్తారు. యాభై ఏళ్ల రైతు స్త్రీ. ఆమె సాక్ష్యం నస్రీన్ హేగ్‌కు రాకముందే ముగిసింది. సైనికులు ఊరికి నిప్పు పెట్టిన రోజు ఆమె భర్తను ఇంటి ముందు నుంచి లాక్కెళ్లారు. అతను మళ్లీ కనబడలేదు. దర్యాప్తు అధికారికి మొదట చెప్పినప్పుడు లాక్కెళ్లినవాళ్లు ముగ్గురంది. ఏడాది తర్వాత కోర్టులో నలుగురంది. ఆ నాలుగోవాడు ఎవరని నిందితుడి వకీలు నిలదీస్తే, వాళ్లతో కలిసి వచ్చింది తన చెల్లెలి కొడుకేనని చెప్పింది.

నస్రీన్ అక్కడే పట్టుకుంది. ‘సొంత చెల్లెలి కొడుకును ఎవరైనా మరిచిపోతారా? ముగ్గురు అపరిచితులు గుర్తుండి, వాళ్లలో ఉన్న ఇంటి మనిషి గుర్తులేకపోవడం నమ్మదగినది కాదు. ఇది తర్వాత అల్లిన మాట’ అని రాసింది. ఇంకో ఐదు తేడాలు కూడా వరసగా చూపించి, ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టవచ్చని ముగించింది. కాలేజీలో వాదనల పోటీల్లో కప్పు గెలిచిన పిల్ల. ఎక్కడ పొడిస్తే వాదన కూలుతుందో ఆమెకు బాగా తెలుసు.

ఆ సాక్ష్యం పోతే కేసులో ఒక ముఖ్యమైన అభియోగమే నిలవదు. నోట్ శుక్రవారం సాయంత్రానికల్లా ముగ్గురు జడ్జిల ముందుకూ వెళ్లాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఇక ఆగలేక నస్రీన్ తలుపు తట్టింది.

“మేడమ్, నా నోట్...”

“చదివానమ్మా. రెండుసార్లు చదివాను.”

“ఎలా ఉంది మేడమ్?”

“పదునుగా ఉంది.”

నస్రీన్ మొహం వెలిగింది. కూర్మావతి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఈ సాక్ష్యం ఎలా చూశావు?”

“రికార్డంతా చదివాను మేడమ్. నూట పద్నాలుగు పేజీలు. అక్షరం వదల్లేదు.”

“నాలుగోవాడు ఎవరని అడిగింది ఏ పేజీ?”

“అరవై ఒకటి. పన్నెండో లైనులో ప్రశ్న, పదమూడో లైనులో జవాబు.” రికార్డు చూడకుండానే చెప్పింది.

“రా” అని ఆవిడ లేచారు.

రెండంతస్తులు దిగితే రికార్డింగులు వినే గది. కిటికీ లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు. అక్కడి ఉద్యోగిని అడిగి ఆ సాక్ష్యం రికార్డింగు పెట్టించారు. ఒక హెడ్‌ఫోన్ నస్రీన్‌కు ఇచ్చి, రెండోది తాము పెట్టుకుని పక్కనే కూర్చున్నారు.

వకీలు గొంతు వినిపించింది. స్థిరమైన గొంతు. “ఆ నాలుగో మనిషి ఎవరు?” దుబాసీ ఆ ప్రశ్నను ఆమె భాషలో చెప్పింది.

తర్వాత ఏమీ లేదు.

నస్రీన్ కొద్దిసేపు చూసింది. రికార్డింగు ఆగిపోయిందనుకుని మీట మీదికి చెయ్యి పోనిచ్చింది. కూర్మావతి గారు ఆ చేతిని మెల్లగా పట్టుకుని బల్ల మీద పెట్టారు. తమ చెయ్యి దానిమీద అలాగే ఉంచారు.

ఎక్కడో కాగితం కదిలింది. ఎవరో దగ్గారు. గ్లాసులో నీళ్లు పోస్తున్న చప్పుడు. తాగిన చప్పుడు మాత్రం లేదు.

ఒకసారి సాక్షి ఊపిరి పీల్చుకుంది, మాట్లాడబోయే మనిషి పీల్చినట్టు. మాట రాలేదు. ఆ ఊపిరి అలాగే వదిలేసింది. ఇంకాసేపటికి మళ్లీ పీల్చుకుంది. మళ్లీ వదిలేసింది. గ్లాసు బల్లకు తగిలి సన్నగా టకటకమంది. ఆమె చెయ్యి దానిమీదే ఉన్నట్టుంది.

నస్రీన్ తెర మీద నడుస్తున్న అంకెలు చూసింది. రెండు నిమిషాలు. మూడు. పక్కకు తిరిగి చూస్తే కూర్మావతి గారు కళ్లు మూసుకుని ఉన్నారు. తర్వాత ఏం రాబోతోందో తెలిసిన మనిషి కూర్చున్నట్టు కూర్చున్నారు.

నాలుగు నిమిషాలు దాటాక సాక్షి గొంతు వచ్చింది. చాలా చిన్నగా, తన భాషలో. వెంటనే రావలసిన దుబాసీ మాట వెంటనే రాలేదు. గొంతు సవరించుకుని చెప్పింది.

“మా చెల్లెలి కొడుకు. చెల్లెలు పురుట్లోనే పోయింది. వాడికి పాలిచ్చింది నేనే.”

కూర్మావతి గారు రికార్డింగు ఆపారు.

నస్రీన్ కళ్ల ముందు పేజీ అరవై ఒకటి కనబడుతోంది. పన్నెండో లైను. దాని కిందే పదమూడో లైను. మధ్యలో ఏమీ లేదు, వేలెడు చోటు కూడా లేదు.

“అయితే ఆమె చెప్పింది నిజమే కదా మేడమ్?”

“తెలీదమ్మా. మాట పెగలనంత మాత్రాన నిజమైపోదు. అది తేల్చడానికి మేం ముగ్గురం ఉన్నాం. నువ్వు చూపిన మిగతా ఐదు తేడాలు కూడా చూడాల్సినవే.”

“నా నోట్‌లో తప్పేంటి మరి?”

ఆవిడ హెడ్‌ఫోన్ తీగను వేళ్లకు చుట్టుకుంటూ అన్నారు.

“ఆ రోజు బెంచి మీద మధ్యలో కూర్చున్నది నేనే. భోజనానికి లేవాల్సిన వేళ. ఆమె అలా కూర్చుని ఉండగా నేను రెండుసార్లు గడియారం చూశాను.”

నస్రీన్ తల తిప్పి ఆవిడ మొహం చూసింది. ఆ మాట తనతో చెప్పాల్సిన అవసరం ఆవిడకు లేదు. ఎవరూ అడగలేదు. ఏ రికార్డులోనూ లేదు.

కూర్మావతి గారు లేచి చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు. “నోట్ ఈ సాయంత్రం కాకపోతే సోమవారం పొద్దున ఇవ్వు. మిగతా ఇద్దరికీ నేను చెప్తాను” అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

నస్రీన్ ఆ కుర్చీలోనే ఉండిపోయింది. కొంతసేపటికి హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని రికార్డింగును వెనక్కి తిప్పింది. ఆ ప్రశ్న దగ్గర ఆపలేదు. ఇంకా వెనక్కి తిప్పింది, ఆ సాక్షి మొదటిరోజు కోర్టులోకి నడిచివచ్చి కుర్చీ లాక్కున్న చప్పుడు దాకా.