దివాను గారి మీసం

ఒక సంస్థానంలో సింహాద్రి అనే దర్జీకి కెమెరాలంటే పిచ్చి. కొత్తది కొనే స్తోమత లేక, పాతవాటి కోసం గడపగడపా తిరిగేవాడు. దివాను గారు తమ కెమెరా అమ్ముతున్నారని విని వెళ్ళాడు. లెన్సుకి బూజు పట్టింది. ధర మాత్రం కొత్తదానిదే.

“ఆ బూజు ఫొటోలో పడదోయ్,” అన్నాడు దివాను.

“అయితే దీంతో తమరి ఫొటో తీస్తాను బాబూ. అది తమరు కచేరీ గోడకి తగిలిస్తే అడిగినంతా ఇస్తాను.”

దివాను మీసం దువ్వుకుని కూర్చున్నాడు. మర్నాడు సింహాద్రి తెచ్చిన ఫొటోలో ఆ మీసం సగం మసకలో కలిసిపోయింది.

“దీన్నెవడు తగిలిస్తాడు?”

“మరి ఆ కెమెరా ఎవడు కొంటాడు బాబూ?”

దివాను సగం ధరకి దిగాడు. సింహాద్రి కెమెరాతోపాటు ఫొటో కూడా సంచిలో పెట్టుకున్నాడు.

“అదెందుకు?”

“ఇంత చవగ్గా ఎలా వచ్చిందని ఊళ్ళో అడిగితే చూపించాలి కదా.”

“ఆ ఫొటో ఇటిచ్చేసి, కెమెరా ఊరికే పట్టుకుపో,” అన్నాడు దివాను, మీసం తడుముకుంటూ.