మధ్యాహ్నం పొగ

ప్రశ్న అడిగినవాళ్ల మొహం వైపు కాకుండా చేతుల వైపు చూడడం మాణిక్యాంబ గారి అలవాటు. కాకినాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక, ఆదివారాలు తన ఇంటి వరండాలో ఉపనిషత్తులు చెబుతున్నారు. "సొంత ప్రశ్న అడిగేవాడి చేతులు ఊరికే ఉండవు. ఎక్కడో చదివింది అడిగేవాడు చేతులు కట్టుకుని అడుగుతాడు" అంటారావిడ. నిజమో కాదో నేను తేల్చుకోలేదు. మా గవర్రాజు ఆ ప్రశ్న అడిగినప్పుడు మాత్రం జీపు తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. అది రోడ్డు వల్ల కూడా కావచ్చు.

"అమ్మగారూ, ఎవరికీ ఏమీ కాకుండా బతకడం ఎలా నేర్చుకోవాలి?"

ఆవిడ చేతులు చూశారు. "ముందు ఊరు చేరనీ" అన్నారు.

గవర్రాజు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసేవాడు. భార్య పోయిన ఏడాదికి ఉద్యోగం మానేశాడు. పిల్లలు లేరు. అమలాపురం నుంచి అక్క రోజూ ఫోన్ చేస్తే, బుద్ధి పుట్టినప్పుడు ఎత్తేవాడు. హిమాలయాల్లో రోడ్డు ఆగిపోయేచోట ఉన్న ఆఖరి పల్లెలో ఈ చలికాలం ఒక్కడే గడపాలని నిశ్చయించుకున్నాడు. పరుపుచుట్ట, పుస్తకాలు, ఉన్నిబట్టలు జీపు పైన కట్టించాడు. అతన్ని దిగబెట్టి రావడానికి మాణిక్యాంబ గారు బయల్దేరారు. ఆవిడకి డెబ్భై దాటాయి కనక తోడుగా నేను వెళ్లాను. జీపు నడిపేది ఆ కొండలవాడే, నమ్‌గ్యాల్ అని. అతనికి హిందీ వచ్చు, మాకూ వచ్చు. అక్కడివాళ్ల మాటలన్నీ అతని నోటి మీదుగానే మాకు చేరాయి.

మంచు పడే కాలం మొదలవుతోంది. మేము ఎక్కుతున్నాం, ఊళ్లన్నీ దిగుతున్నాయి. లారీల మీద పరుపులు, గిన్నెలు, గొర్రెలు, వాటి మధ్య దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్లు ఎదురయ్యారు. ఎవరూ మమ్మల్ని ఎక్కడికని అడగలేదు. వాళ్లు ఖాళీ చేసి వచ్చిన పల్లెలు ఆ తరవాత ఒక్కొక్కటే వచ్చాయి. బడి తలుపుకి తాడు కట్టి ఉంది. ఒకచోట గోడ మీద ఎవరో మరిచిపోయిన చంటిపిల్ల మేజోడు గాలికి ఎగురుతోంది. చెట్టన్నది అప్పటికే వెనకబడిపోయింది. గవర్రాజు మొహంలో కాస్త సంతోషం కనబడింది. నాకైతే ఎప్పుడు వెనక్కి తిరుగుతామా అని ఉంది.

ఆఖరి పల్లెలో అయిదారు ఇళ్లున్నాయి. ఒక్కటే తెరిచి ఉంది. అందులో యాంగ్‌జోమ్ అనే ముసలావిడ ఉంటుంది. ఊళ్లోవాళ్లంతా తమ పశువుల్లో ముసలివాటిని ఆవిడకి అప్పజెప్పి దిగిపోతారు. ఊరి ముందు లోయ. ఎంత లోతంటే, అడుగున ఏరు ఉందని చెబితే నమ్మాలి. లోయకి అవతల, దాదాపు మాకు సమానమైన ఎత్తున, కొండకి అంటుకుని ఒక ఇల్లు. చూస్తే చెయ్యి చాస్తే అందేట్టుంటుంది. కేక వేస్తే చేరదు. దిగి ఏరు దాటి మళ్లీ ఎక్కితే ఒక పూట నడక, అదీ కాళ్లున్నవాళ్లకి. జీపు రోడ్డు కొండలన్నీ చుట్టుకుని వెళ్తుంది.

"అక్కడెవరుంటారు?" అని అడిగారు మాణిక్యాంబ గారు.

"ఈవిడ మరిది, పల్దెన్" అన్నాడు నమ్‌గ్యాల్. "ఇద్దరికీ మాటల్లేవు. ఒక జడలబర్రెని ఈవిడకి అమ్మాడు. అది ఆ చలికాలమే చచ్చిపోయింది. రోగపుదని తెలిసే అమ్మాడంటుంది ఈవిడ. మేత పెట్టక చంపిందంటాడు ఆయన."

గవర్రాజుకి గది ఇవ్వడానికి యాంగ్‌జోమ్ ఒప్పుకుంది. ఒక్క పని చెప్పింది. తన మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. రోజూ పొద్దు కొండమీదికి రాగానే మేడమీద ఉన్న చిన్న మట్టిగూట్లో శుక్పా కొమ్మలు వేసి పొగ పెట్టాలి. శుక్పా అంటే అక్కడి వాసన పొద. ఎందుకని గవర్రాజు అడిగితే నమ్‌గ్యాల్ "దేవతలకి" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. అన్నం ఎందుకు తినాలో ఎవరికైనా చెబుతామా?

మొదటి రోజు గవర్రాజు శ్రద్ధగా పొగ పెట్టాడు. అవతలి ఇంటి మీద కూడా సన్నటి పొగ లేచింది.

రెండో రోజు పెట్టలేదు. తరవాత తనే చెప్పాడు. రాత్రి మంచు పడింది. తెల్లారేసరికి గాలి లేదు, పిట్ట లేదు. "అంత నిశ్శబ్దం నా జన్మలో ఎరగను. దాని మధ్యలో అగ్గిపుల్ల గీయబుద్ధి కాలేదు. దేవతలకేగా, ఒకరోజు ఆగుతార్లే అనుకున్నాను." పొద్దు బాగా ఎక్కేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. యాంగ్‌జోమ్ కింద కొట్టంలో పశువుల దగ్గర ఉంది. పైన మనిషి ఉన్నాడు కదా అని ఆవిడ బయటికి వచ్చి చూసుకోలేదు.

మధ్యాహ్నం జీపు చక్రాలకి గొలుసులు కడుతూ నమ్‌గ్యాల్ తలెత్తి లోయ అవతలికి చూశాడు. తెల్లటి వాలు మీద ఒక నల్లచుక్క కిందికి దిగుతోంది. అతను గొలుసు వదిలేసి లేచాడు.

"రాజూ సాబ్, పొద్దున పొగ పెట్టారా?"

"లేదు. ఏం?"

"ఆ ముసలాడు వస్తున్నాడు." అప్పుడు చెప్పాడు. చలికాలం మిగిలిపోయిన ఇళ్లవాళ్లు పొద్దున్నే ఒకరి పొగ ఒకరు చూసుకుంటారు. పొగ లేకపోతే ఆ ఇంట్లో మనిషి లేనట్టే. అప్పుడు చూసినవాళ్లు బయల్దేరి రావాలి. మాటలున్నాయా లేవా అన్నది లెక్కలోకి రాదు. "ఆయన కళ్లకి మనిషి ఆనడు. పొగ ఒక్కటే ఆనుతుంది. కింద ఏటి మీద రెండు దుంగలే వంతెన, సాబ్. వాటి మీద ఇవాళ మంచు ఉంటుంది."

గవర్రాజు పరిగెత్తాడు. నిచ్చెన ఎలా ఎక్కాడో తెలియదు. మిగిలిన కొమ్మలన్నీ గూట్లో కుక్కి వెలిగించాడు. పచ్చికొమ్మల పొగ స్తంభంలా లేచింది. లోయలో చుక్క ఆగింది. చాలాసేపు ఆగింది. గవర్రాజు "చూశాడు, చూశాడు!" అని అరిచాడు. అంతలో చుక్క మళ్లీ కదిలింది, ఈసారి ఇంకా తొందరగా.

కొట్టంలోంచి వచ్చిన యాంగ్‌జోమ్ ఆ పొగ చూసి అక్కడే రాతి మీద కూర్చుంది. ఏదో అంది.

"ఏమంటోంది?" అన్నాడు గవర్రాజు పైనుంచి.

నమ్‌గ్యాల్‌కి చెప్పడం ఇష్టంలేదు. మాణిక్యాంబ గారు "చెప్పు" అన్నారు.

"మధ్యాహ్నం పొగ ఎవరూ పెట్టరు. చుట్టాలు వచ్చి శవం పక్కన పెట్టేదే ఆ పొగ. ఇందాకటిదాకా ఆయనకి అనుమానం. ఇప్పుడు ఖాయం చేశారు మీరు."

గవర్రాజు, నమ్‌గ్యాల్ ఎదురు దిగబోయారు. కొంతదూరం వెళ్లేసరికి దారి మంచు కింద కనబడలేదు. నమ్‌గ్యాల్ ఆగిపోయి, తనకి ఈ వైపు దారి తెలియదనీ, ఇంకో అడుగు వేస్తే ఇద్దరి కోసం ఇంకెవరో రావలసివస్తుందనీ చెప్పాడు. వెనక్కి వచ్చారు. ఇక చేసేదేమీ లేదు. చుక్క లోయ అంచు కిందికి దిగి కనబడకుండా పోయింది. గవర్రాజు గోడ దగ్గర నిలబడి ఆ మంచునే చూస్తున్నాడు.

"అమ్మగారూ, దుంగల మీద ఆయన జారితే?" అన్నాడు చివరికి.

"అప్పుడు కట్టెలు నువ్వు మోస్తావు" అన్నారావిడ. ఓదార్చడం ఆవిడకి చేతకాదు.

ఎండ పసుపురంగుకి తిరిగే వేళకి ముందు ఒక కట్టెలమోపు పైకి వచ్చింది. దాని కింద మనిషి వచ్చాడు. గడ్డం మీద ఊపిరి గడ్డకట్టి ఉంది. ఎండిన తుమ్మమొద్దులా ఉన్నాడు. వాకిట్లో నిలబడ్డ యాంగ్‌జోమ్‌ని చూసి ఆగాడు. మోపు దించలేదు. ఆ తరవాత వాళ్లిద్దరూ అన్న మాటలు నమ్‌గ్యాల్ మాకు వెంటవెంటనే చెప్పలేదు, నవ్వు ఆపుకోలేక.

"ఏం వదినా, చావలేదా?"

"నీకెందుకా తొందర? చస్తే కాల్చుకోడానికి నా కట్టెలు నాకున్నాయి. నువ్వు మోసుకురావడం దేనికి?"

"నీ కట్టెలు సన్నవి. సగం కాలి ఆగిపోతావని."

"నువ్వు అమ్మిన జడలబర్రె కంటే గట్టిదాన్నిలే. రా, టీ తాగు."

మోపు దించబోతే ముసలాడి వేళ్లు తాడు మీదనుంచి విడివడలేదు. గవర్రాజు వెళ్లి ఒక్కొక్క వేలే విప్పాడు. చావుకి తెచ్చిన కట్టె తిరిగి ఇంటికి పోకూడదట. యాంగ్‌జోమ్ దాన్ని మేడమీద తన కట్టెల పక్కన పేర్చమంది. చెట్టు లేని ఆ కొండల మీద అవి పొయ్యికి వాడే కట్టెలు కావు. పొయ్యిలోకి పిడకలే. ఎన్నాళ్లుగానో కూడబెట్టి, ఇంటి అంచున పేర్చి, ఎవరి చావు కోసం వాళ్లు దాచుకునేవి. ముసలాడు తన వాటాలోంచి తెచ్చాడు. గవర్రాజు ఆ మోపుని ఎత్తబోయి మొదటిసారి ఎత్తలేకపోయాడు. రెండోసారి ఎత్తి, నిచ్చెన మీద రెండుచోట్ల ఆగి, పైకి చేర్చాడు. పైన చాలాసేపు ఉన్నాడు. పేర్చడానికి అంతసేపు పట్టదు.

పొయ్యి పక్కన ముసలాడు ఉప్పుటీ తాగాడు. రెండో గిన్నె పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి లేచాడు. ఇప్పుడెక్కడికని అందరం అడిగాం.

"పొద్దున్నే ఇంటిమీద ఉండాలి. నా వెనక మలుపులో ఒక ఇల్లుంది. అక్కడ అన్నదమ్ములు ఉన్నారు. నా పొగ లేకపోతే వాళ్లు బయల్దేరతారు. వాళ్లు బయల్దేరితే పొగ పెట్టేవాడుండడు, వాళ్ల పైనున్నవాళ్లు బయల్దేరతారు." టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "ఒక ముసల్ది చావనందుకు కొండంతా దిగిరావాలా?"

నడిచి పోనివ్వడానికి వీల్లేదు. జీపులోనే తీసుకుపోవాలి. మేము తిరిగి వెళ్లే కనుమ కూడా అటువైపే ఉంది. మర్నాడు వెళ్లవలసినవాళ్లం ఆ సాయంత్రమే బయల్దేరాం. ఇక ఇటు వచ్చే బండి ఏదీ మంచు కరిగేదాకా ఉండదు.

నమ్‌గ్యాల్ ఇంజను వేడి చేస్తుండగా గవర్రాజు పరుపుచుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"నేనూ వచ్చేస్తానమ్మగారూ. ఇక్కడ ఉండే అర్హత నాకు లేదు. మనిషిని చంపినంత పని చేశాను."

యాంగ్‌జోమ్ అతన్ని ఉండమనలేదు, పొమ్మనలేదు. మధ్యాహ్నం కొమ్మలన్నీ అయిపోయాయి కదా, గోడవారనున్న కట్టలోంచి మర్నాటికి కాసిని విరిచి, కొంగులో కట్టుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. రెండో మెట్టు మీద మోకాలు పట్టుకుని ఆగింది. మూడోది ఎక్కింది.

గవర్రాజు పరుపుచుట్ట వాకిట్లో పడేసి వెళ్లాడు. ఆవిణ్ణి దించి, కొమ్మలు తీసుకుని తను ఎక్కాడు. మేము వెళ్తున్నామని హారన్ కొట్టినా దిగి రాలేదు. మొదటి మలుపు దగ్గర వెనక్కి చూస్తే మేడమీద నిలబడి ఉన్నాడు, మా వైపు కాదు, లోయ అవతల చీకటిపడుతున్న ఆ ఇంటి వైపు తిరిగి.

చాలాదూరం పోయాక, ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్న పల్దెన్ తల తిప్పి నమ్‌గ్యాల్‌ని ఏదో అడిగాడు.

"ఆ మనిషికి నా అనేవాళ్లెవరూ లేరా అని అడుగుతున్నాడు మాతాజీ."

మాణిక్యాంబ గారు శాలువా దగ్గరికి లాక్కున్నారు.

"పొద్దుటిదాకా లేరనే చెప్పేవాడు" అన్నారు.