అత్తగారి గుట్టుమాట

రాజుగారు కొత్తల్లుడి కోసం పూతరేకులు తెప్పిస్తే పొట్లంలో ఎండిన అరిటాకులొచ్చాయి. అల్లుడు పాపం ఒకటి కొరికాడు కూడా. అదీ జరిగిన ఘోరం.

ఎలా జరిగిందంటే, అనగనగనగా గోదారి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో మంగాయమ్మ, ఆవిడ కోడలు హైమ. కుండ బోర్లిస్తే కింద మంట, మంట మీద కుండకి పిండి పూత, పూత ఆరితే రేకు, రేకులో నెయ్యీ బెల్లం, మడిస్తే పూతరేకు. ఆ కుండ మంగాయమ్మకి వాళ్ళత్తగారిచ్చింది. ఆ ఇంటికి అన్నం పెట్టేది అదే. హైమ చదువుకున్న పిల్ల కదా, సెల్‌ఫోన్లో కొట్టు తెరిచింది. ఏ ఊరివాళ్ళయినా ఫోన్లో డబ్బు కడితే పొట్లం వాళ్ళింటికే వెళ్తుంది. రాజుగారు కూడా ఫోన్లోనే...

"రాజులకి ఫోన్లుంటాయా అమ్మమ్మా?"

ఈ రాజుకుంది. అడ్డం రాకు. ఊ కొడుతున్నారా, కళ్ళు మూసేశారా? సరే.

కొట్టన్నాక తాళం ఉండాలిగా. ఫోన్లో కొట్టుకి ఇనప తాళం వెయ్యలేం, ఒక గుట్టుమాట పెట్టాలి. అది తెలిసినవాళ్ళకే కొట్టు తెరుచుకుంటుంది. ఏం పెడదాం అత్తయ్యా అని హైమ అడిగితే, మీ మామగారి పేరు పెట్టవే అంది మంగాయమ్మ. పెళ్ళయినప్పట్నించీ ఆ పేరు నా నోట రాలేదు, నరికినా రాదు, ఇంతకంటే గట్టి తాళం ఏ దేశంలో ఉందే అంది. మామగారి పేరు సూర్యారావు. ఆ పేరు పలకకూడదని ఆకాశంలో సూర్యుణ్ణి కూడా ఆవిడ 'పైనాయన' అనేది. పైనాయన వచ్చాడు, వడియాలు ఎండబెట్టవే అనేది.

ఊరంతా మామయ్యని ఆ పేరుతోనే పిలుస్తుంది కదా అని హైమ గొణిగింది. పిలిస్తే పిలిచారు, అదే తాళమని వాళ్ళకేం తెలుసు అంది అత్తగారు. హైమకి మనసొప్పలేదు. అయినా పెద్దావిడ మాట కాదనలేక అదే పెట్టింది.

ఆ ఊరి చివర చింతచెట్టు మీద ఒక దయ్యం. పనంటే బద్ధకం, తిండంటే ఆత్రం. అది గొంతు మార్చి మంగాయమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మగారూ, ఫోన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ కొట్టు ఇవాళ మూతపడుతోంది. గుట్టుమాట చెబితే ఆపుతాం."

"చచ్చినా చెప్పను! మొగుడి పేరు ఎవరైనా నోటితో చెబుతారా? అడగడానికి సిగ్గులేదూ!" అని మంగాయమ్మ ఫోన్ పెట్టేసింది. చూశావా, నా నోట ఒక్క ముక్క రాలేదు అని కోడలి దగ్గర గొప్పలు పోయింది. హైమ తల పట్టుకుంది.

దయ్యానికి ఇంకేం కావాలి? చెట్టు దిగి వీధిలో నిలబడింది. "సూర్యారావుగారూ, పాలు!" అని పాలవాడు కేకేశాడు. అంతే. హైమ తాళం మారుద్దామని ఫోన్ అందుకునేసరికి కొట్టు దయ్యం చేతిలోకి పోయింది.

ఇక చూడండి. పేరు మంగాయమ్మది, డబ్బు దయ్యానిది. బొమ్మలో పూతరేకు, పొట్లంలో అరిటాకు. తిట్లు మంగాయమ్మకి, విందు దయ్యానికి.

రాజభటులొచ్చి అత్తాకోడళ్ళని కుండతో సహా సభకి లాక్కుపోయారు. తీరా చూస్తే అక్కడ ఇంకో మంగాయమ్మ! అదే చీర, అదే ముక్కుపుడక. కొట్టు నాది, ఆకులు పంపింది ఆవిడే అని గుండెలు బాదుకుంటోంది. రాజుగారికి ఒళ్ళు మండింది. మొదట పెట్టిన గుట్టుమాట ఎవరు చెబితే కొట్టు వాళ్ళది, చెప్పలేకపోతే కుండ పగలగొట్టండి అన్నారు.

దయ్యం ముందుకొచ్చి ఖంగుమని "సూర్యారావు!" అంది.

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదే... తూర్పున లేస్తాడూ... పడమట దిగుతాడూ... చివర ఒక రావు తగిలించుకోండి బాబూ" అంది. సభంతా గొల్లుమంది. భటుడు కర్రెత్తాడు.

హైమ కుండకి అడ్డం పడింది. "మాట తెలిస్తే ఇంటివాళ్ళయిపోతారా రాజా? మా పాలవాడికీ తెలుసు ఆ మాట! నోట రాదనే కదా మా అత్తయ్య దాన్ని తాళం చేసింది. అంత ఖంగుమని చెప్పిందే, అదే దొంగ. నమ్మకపోతే రాణిగారిని మీ పేరు చెప్పమనండి."

రాజుగారు రాణిగారి వైపు తిరిగారు. రాణిగారు ఎర్రబడిపోయి, "మా అమ్మాయి వాళ్ళ నాన్నగారు" అంది. ఇంకేం అనుమానం?

దయ్యం పరుగు లంకించుకుంది. దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయిగా, పారిపోదామని పరిగెత్తి నేరుగా వచ్చి రాజుగారి ఒళ్ళో పడింది. మింగిన డబ్బంతా కక్కింది. అల్లుడికి అసలు పూతరేకులు అందాయి, దయ్యానికి మిగిలిన అరిటాకులు వడ్డించారు. కొట్టు చేతికొచ్చింది, కుండ పొయ్యెక్కింది, అందరూ చల్లగా ఉన్నారు.

అందుకే, గుట్టు అడిగినవాడితో చెప్పనని కూడా చెప్పకండి. నోరు మూసుకుని ఫోన్ పెట్టెయ్యండి.

ఆవేళే హైమ తలుపేసుకుని కొత్త గుట్టుమాట పెట్టింది. ఎవ్వరికీ చెప్పకూడదనుకుంది. అత్తగారు బతిమాలింది, చెప్పలేదు. మొగుడు అన్నం మానేసి అలిగాడు, చెప్పలేదు. ఆకలేసి ఆయనే తిన్నాడు.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.

"ఇంతకీ ఏంటమ్మమ్మా ఆ మాట?"

కథ చెప్పే అమ్మమ్మక్కూడా చెప్పలేదు.