పొగలో తలపాగా

వైశాఖ శుద్ధ పంచమి, గురువారం పొద్దున్న సరిగ్గా ఎనిమిదిన్నరకు, పసుపు కుంకుమలు పెట్టించుకున్న తుమ్మలగూడెం దొరగారి కొత్త మోటారుబండి దివాణం వాకిలి దాటింది. అంతలోనే గుమ్మడివాడ రాజావారి బండి చెవులు చిల్లులుపడే మోతతో, కారుమబ్బులాంటి పొగతో పక్కనుంచి దూసుకుపోయింది.

"ఒరే పైడయ్యా! వాడిలాగే మన పొగగొట్టంలో పొగ ఆపే జల్లెడ పీకి పారెయ్, బండి వేగం అందుకుంటుంది! తొక్కు, వాణ్ణి దాటెయ్యాలి!" దొరగారు సీటు మీద ఎగిరి గంతేశారు.

డ్రైవరు పైడయ్యకు బండి సంగతి తెలుసు. కొత్త ఇంజను కొత్త కోడెలాంటిది. మొదటి ఐదువందల మైళ్లూ నెమ్మదిగా మచ్చిక చెయ్యాలి. అదికాస్తా వేడెక్కి బిగుసుకుపోతే తప్పు తనదే అంటారు, కొలువూ పోతుంది.

"చిత్తం దొరా. ఇంతకీ రాజావారు ఇవాళ ఏ రంగు తలపాగా చుట్టారు?"

"ఆ పొగలో ఎవడికి కనబడుతుందిరా!"

"అదే దొరా! దారి పొడుగునా జనం మీ జరీ తలపాగా చూద్దామనే నిలబడ్డారు."

దొరగారు తలపాగా సవరించుకున్నారు. "జల్లెడ ఉండనీరా. నడిచేవాడు కూడా మనల్ని దాటిపోవాలి, తెలిసిందా?"

మర్నాడు తెల్లారేసరికి దివాణంలో ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని బండెక్కేశారు. "నెమ్మదిగా పోనియ్యి నాయనా," అన్నారు పెద్ద దొరసానిగారు, "నా కాసులపేరు కూడా కనబడాలి."