ఉప్పుగుంటకు ముళ్లకంచె

అనగనగా రెండు కొండల నడుమ ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవికి పెద్ద ఏనుగమ్మ.

అక్కడ తినడానికి అన్నీ ఉన్నాయి, ఉప్పు మాత్రం లేదు. ఒకసారి కొండ అవతలి నుంచి కోరయ్య అనే అడవిపంది వచ్చాడు. "ఉప్పుమట్టి ఎక్కడుందో నాకు వాసన తెలుస్తుంది. నేను తవ్వుతాను. మరి నాకేమిస్తారు?" అన్నాడు.

"ఉప్పు నాకినవాళ్లు నీకు దుంపలు తెచ్చిస్తారు. పదేళ్లు నీ గుంటను ఎవరూ మూయరు," అని ఏనుగమ్మ మాటిచ్చింది.

కోరయ్య మూడు నెలలు తవ్వాడు. పాపం, ఒక కోర కూడా విరిగింది. చివరికి ఉప్పు పడింది. జింకలు, దుప్పులు, దున్నలు బారులు తీరాయి.

మూడో ఏడు గాలికుంటు జబ్బు వచ్చింది. నోళ్లు పుండ్లుపడ్డాయి, గిట్టలు చీలాయి. జింకపిల్లలు లేచి నిలబడలేకపోయాయి. అందరూ నాకేది ఆ మట్టినే కదా, జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఏనుగమ్మ గుంట చుట్టూ ముళ్లకంచె వేసింది.

కోరయ్య భగ్గుమన్నాడు. "మాట తప్పావు. కంచె తీయి, లేదా ఈ వేసవి దుంపలన్నీ నాకివ్వు."

అవి ఇస్తే అడవంతా పస్తే.

బయటివాళ్లతో తగువొస్తే ఏటి తాబేలు తాత తీర్పు చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆయన ఏ పక్షానికీ చెందడు. తాత కోరయ్యను మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఏనుగమ్మ నీ గుంట ఒక్కటే మూసిందా?"

"తెలియదు."

"కంచె లోపలి ఉప్పు తానేమైనా నాకుతోందా?"

"చూడలేదు."

"జబ్బుపడిన పిల్లల్ని చూశావా?"

కోరయ్య తల అడ్డంగా ఊపాడు.

"అయితే పద, చూద్దాం," అన్నాడు తాత.

వెళ్లి చూశారు. ఆ చూసినదాన్ని ఎలా చెప్పాలో నాకే తెలియడం లేదర్రా. పులి నుంచి కుందేలు దాకా వందల ప్రాణులు జబ్బు పాకకుండా దూరదూరంగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అందరూ దిగే బురదమడుగు చుట్టూ కూడా ముళ్లకంచె. ఆ బురద ఏనుగులకు ప్రాణం. మండుటెండకు ఏనుగమ్మ ఒళ్లంతా పగిలిపోయింది. ఆమె బిడ్డ గట్టున నిలబడి బురద వంక చూస్తోంది, దిగడం లేదు. అంత బలమున్నవాళ్లు, నడవలేని జింకపిల్లల కోసం అలా ఎండిపోతున్నారు.

"నీ మీద కక్షతో మూసి ఉంటే దుంపలన్నీ ఇప్పించేవాణ్ణి," అన్నాడు తాత. "ఆమె ప్రాణాలు కాపాడటానికి మూసింది. తన మడుగూ మూసుకుంది. నీకు దుంపలు రావు. ఏనుగమ్మా, జబ్బు పోయిన రోజే నువ్వు కంచె తీసెయ్యాలి."

"తీస్తాను. మూసిన రోజులన్నీ కోరయ్య పదేళ్ల గడువుకు కలుపుతాను," అంది ఏనుగమ్మ.

మర్నాడు రెండు దుప్పులు ఉప్పు మీద ఆశతో గుంట దగ్గరికి వచ్చాయి. కంచెకు అడ్డంగా కోరయ్య పడుకుని ఉన్నాడు.

"వెనక్కి వెళ్లండి నాయనా. పిల్లలు లేచి నడిచాక రండి," అన్నాడు.

నీతి: ఇచ్చిన మాట గొప్పదే, కానీ ఆపదలో ప్రాణాలు కాపాడటం అంతకన్నా గొప్పది.