పలకని రాజచిలుక

ఒకానొక రాజ్యంలో చిలుకకు కూడా వంశవృక్షం రాసి ఉంచేవారు. రాజు ఉద్దండభూపతి కొలువు తీరగానే ఆయన పదకొండు బిరుదులనూ వరసగా పలికే చిలుక అది. ఒకే ఒక్క పిల్లను వదిలి చనిపోయింది.

“బిరుదులు దీని రక్తంలోనే ఉన్నాయి. అల్పుల మాట దీని చెవిన పడకూడదు,” అన్నాడు రాజు. పిల్లను పట్టుతెర వెనక బంగారు పంజరంలో ఉంచి, ఆ గదిలో ఎవరూ నోరు విప్పరాదని ఆజ్ఞ వేశాడు. పక్షులను సాకే నూకాలు ఏడాదిపాటు మూగదానిలా మేత పెట్టి వచ్చింది.

రాజు పుట్టినరోజున పొరుగు రాయబారుల ముందు తెర తీశారు. చిలుక సభంతా చూసి “కీచ్” అంది. అంతే.

ఒక రాయబారి దగ్గినట్టు నవ్వాడు.

“ఇది నా చిలుక పిల్ల కాదు!” రాజు మండిపడ్డాడు. “గుడ్డు మార్చేసింది ఈ నూకాలు. కుడిచెయ్యి నరకండి!”

“గుడ్డు మారిస్తే నాకేం ఒరుగుతుంది దొరా? కన్నబిడ్డలా చూసుకున్నాను,” అని నూకాలు ఏడ్చింది.

కొలువులో మాటకారిగా పేరున్న గుండప్ప లేచాడు. “ప్రభూ, అయితే అసలు పిల్ల ఎక్కడో ఉండాలి కదా. ఆరు నెలలు గడువిస్తే తెస్తాను. దానికి గుర్తేమిటి?”

“పదకొండు బిరుదులూ పలికేదే నా చిలుక పిల్ల.”

“ఆ మాట రాసి ముద్ర వేయిస్తారా?”

“వేయిస్తాను. తేలేకపోతే దాని చెయ్యితోపాటు నీ నాలుక కూడా పోతుంది.”

నూకాలు చెరసాలకు వెళ్లింది. గడువు రోజున ఆమెను సంకెళ్లతో సభకు తెచ్చారు. పక్కన తలారి కత్తితో నిలబడ్డాడు. గుండప్ప నాలుగు బుట్టలు దించాడు.

మొదటి బుట్టలోని చిలుక బిరుదులన్నీ తడబడకుండా పలికింది.

“ఇదే! ఆ ముక్కు చూడండి, అచ్చం నా పాత చిలుకదే!” అంటూ రాజు తలారికి సైగ చేశాడు.

“ఒక్క క్షణం ప్రభూ.” గుండప్ప రెండో బుట్ట తెరిచాడు. అదీ పలికింది. మూడోదీ పలికింది.

“ఒక్క గుడ్డులో మూడు పిల్లలా?” రాజు తెల్లబోయాడు.

“మూడూ పొలాల్లోని తాటి తొర్రల్లో దొరికినవే. మీ వందిమాగధుడి ఇంట్లో పెంచాను. ఆయన రోజూ పొద్దున్నే మీ బిరుదులు గొంతెత్తి సాధన చేస్తాడు.”

“అంటే పుట్టుక ఏమీ కాదంటావా?” రాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.

గుండప్ప నాలుగో బుట్ట తెరిచాడు. పావురం. “గుటుర్ గుటుర్” అంది.

“ఇదీ ఆ ఇంట్లోనే పెరిగింది, అవే విన్నది. గొంతు పుట్టుకతో వస్తుంది, మాట ఇంట్లో వస్తుంది. మీ చిలుకకు గొంతుంది, వినిపించినవారే లేరు. అన్నీ రక్తంలోనే వస్తే యువరాజులవారికి ఏడుగురు గురువులెందుకు ప్రభూ?”

తలారి రాజు ముఖంకేసే చూస్తున్నాడు.

రాజు పావురాన్ని చూశాడు. తాను ముద్ర వేసిన పత్రాన్ని చూశాడు. పెదవి కొస కదిలింది. మరుక్షణం పగలబడి నవ్వాడు.

“సంకెళ్లు విప్పండి!” అని తన ముత్యాలహారం తీసి గుండప్ప మెడలో వేశాడు. నూకాలుకు రెండెకరాల మాగాణి రాయించాడు. “ఆ తెర చించి, పంజరాన్ని వంటశాల గుమ్మంలో వేలాడదీయండి. కోటలో అక్కడికన్నా ఎక్కువ మాటలు పుట్టే చోటు లేదు.”

“అక్కడైతే ముందు తిట్లే వస్తాయి దొరా,” అంది నూకాలు మణికట్టు రుద్దుకుంటూ.

“రానీ,” అన్నాడు రాజు. “నా చెవిన బిరుదులు తప్ప మరొకటి పడి చాలా ఏళ్లయింది.”